గ్యాస్ ఎక్కడం వేరు, ఊరడం వేరు

వెనకాల వాళ్ళకి వినబడుతోందా? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించండి బాబూ, నా గొంతు కంటే దాని గొంతే ఎక్కువుంది. ఆ, ఇప్పుడు ఓకే. ముందే చెప్తున్నా, ఈ గరాజ్ మా బావగారిది, ఇవాళ ఏదన్నా పొంగి ఒలికితే తుడవాల్సింది నేనే, కాబట్టి డెమో జాగ్రత్తగానే చేస్తా. (నవ్వులు)

పోయిన నెల ఇంట్లో బీరు చెయ్యడంలో మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, నానబెట్టడం, కాచడం, చేదు కోసం హాప్స్ పువ్వులు వెయ్యడం, పులియబెట్టే ఈస్ట్ వెయ్యడం వరకు చూశాం. ఇవాళ ఆ తర్వాతి కథ. ఫెర్మెంటేషన్, అదే పులవడం, అయిపోయింది, బకెట్‌లో బీరు ఉంది, రుచి చూస్తే బీరులాగే ఉంది గానీ నిన్నటి సోడా తాగినట్టుంది, చప్పగా. దాన్ని కెగ్గులోకి, అంటే మూత బిగించే స్టీల్ డబ్బాలోకి, ఎక్కించి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పట్టించి గ్లాసులోకి తీసేదాకా ఏం చెయ్యాలి అన్నది విషయం. చాలామంది కాచడం మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా దీని మీద పెట్టరండీ, ఆరు గంటలు నిలబడి కాచి, రెండు వారాలు పిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుని, చివర్లో ఆదివారం పార్టీ ఉందని శనివారం రాత్రి గ్యాస్ ఎక్కిస్తారు. నేనూ ఆ బాపతే, ఆ కథ చెప్తా ఉండండి.

నాది తెనాలి. మా సందు చివర గోలీ సోడా కొట్టు ఉండేది. ఇక్కడ అమెరికాలో పుట్టిన పిల్లలకి తెలీదు గానీ మీలో చాలామంది చూసే ఉంటారు, సీసాలో నీళ్ళు పోసి మెషిన్లో బిగించి, సిలిండర్ నాబ్ తిప్పి గ్యాస్ వదిలి, ఆ చక్రం పట్టుకుని గిరగిరా తిప్పేవాడు. సీసా తల్లకిందులైనప్పుడు గోలీ వచ్చి మూతి దగ్గర రబ్బరు వాషర్ మీద పడేది, లోపలి గ్యాసే దాన్ని అక్కడ నొక్కి పట్టుకునేది. ఆ సీసాకి 1872లో పేటెంట్ తీసుకున్నది హైరమ్ కాడ్ అని ఒక ఇంగ్లీషాయన, ఆయన దేశంలో అది ఎప్పుడో అటకెక్కింది, మన దగ్గర మాత్రం ఇంకా టప్ మంటూనే ఉంది. నేను ఆ కొట్టు ముందు నిలబడి అడిగేవాణ్ణి, ఎందుకు తిప్పుతున్నావ్ అని. తిప్పకపోతే గ్యాస్ నీళ్ళలోకి దిగదు రా, పైనే కూర్చుంటుంది అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు, కుండలో నీళ్ళయితే ఘాటు బాగా వస్తుందని. ఇదిగో, ఇవాళ్టి లెక్చర్ మొత్తం ఈ రెండు మాటల్లోనే ఉంది. చల్లగా ఉంటే గ్యాస్ ఎక్కువ కరుగుతుంది, కదిపితే తొందరగా కరుగుతుంది. మూడోది ప్రెషర్, అది వాడి చేతిలో నాబ్.

ప్రెషర్ సంగతి 1803లో మాంచెస్టర్ కెమిస్ట్ విలియం హెన్రీ లెక్కగట్టి చెప్పాడు, పైన గ్యాస్ ఎంత గట్టిగా నొక్కితే లోపల అంత ఎక్కువ కరుగుతుంది అని, హెన్రీ లా అని ఇంటర్‌లో బట్టీ పట్టాం గుర్తుందా. తమాషా ఏంటంటే అంతకు ముందే లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఒక బీరు ఫ్యాక్టరీ పక్కింట్లో ఉండేవాడు, పులుస్తున్న తొట్టెల మీద నిలిచిన గాలిలో నీళ్ళు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసి చూస్తే ఆ నీళ్ళు జివ్వుమన్నాయి. 1772లో ఆ పద్ధతి మీద చిన్న పుస్తకం కూడా వేశాడు. అంటే సోడా పుట్టిందే బీరు తొట్టి మీదండీ. మనం ఇవాళ సోడా సామానుతో బీరు చేస్తున్నాం, అప్పు తీర్చుకుంటున్నట్టు.

సోడా సామాను అని ఊరికే అనలేదు. ఇదిగో ఈ స్టీల్ డబ్బా, కార్నీ కెగ్ అంటారు, 5 గ్యాలన్లు, మన లెక్కలో 19 లీటర్లు. ఒకప్పుడు పెప్సీ కోక్ సిరప్‌లు వీటిలోనే రెస్టారెంట్లకి వెళ్ళేవి. తర్వాత వాళ్ళు అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచికి మారిపోయారు, ఈ డబ్బాలన్నీ మనలాగా ఇంట్లో బీరు కాచుకునే హోమ్‌బ్రూవర్ల చేతిలో పడ్డాయి. అందుకే వీటిలో రెండు జాతులు, బాల్ లాక్ పెప్సీది, పిన్ లాక్ కోక్‌ది. పాతవి కొనేటప్పుడు మీ దగ్గర ఏ రకం కనెక్టర్లు ఉన్నాయో చూసుకుని కొనండి, ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

పైన రెండు ముక్కులు ఉన్నాయి చూడండి. ఇది గ్యాస్ లోపలికి, దీని కింద గొట్టం బొటనవేలంత పొట్టిగా ఉంటుంది. ఇది బీరు బయటికి, దీని గొట్టం డబ్బా అడుగుదాకా పోతుంది. మధ్యలో మూత, దాని మీద ఈ రింగు లాగితే లోపలి ప్రెషర్ బుస్సుమని పోతుంది. మూత తెరిచే ముందు ఈ రింగు లాగడం చెప్పులు విప్పి గుడిలోకి వెళ్ళడం లాంటిది, ఆలోచించకూడదు, అలవాటైపోవాలి.

బీరు ఎక్కించే ముందు ఒక పని. డబ్బా అంచుదాకా శానిటైజర్ నీళ్ళు నింపి, మూత పెట్టి, గ్యాస్‌తో ఆ నీళ్ళన్నీ బయటికి తోసెయ్యండి. ఇప్పుడు లోపల గాలి లేదు, అంతా కార్బన్ డయాక్సైడే. దానిలోకి సన్న పైపుతో బీరు పంపితే ఆక్సిజన్ తగలదు. ఎందుకింత గోల అంటే పులవడం అయిపోయాక బీరుకి ఆక్సిజన్ శత్రువు, నెల తిరక్కుండా తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, హాప్స్ ఎక్కువేసిన ఐపీఏ రకం బీరు అయితే వారంలోనే రంగు మారి గోధుమగా అయిపోద్ది. నింపాక వెంటనే 30 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 30 పౌండ్ల ప్రెషర్, ఒక్కసారి కొట్టండి, మూత రబ్బరు కూర్చుంటుంది, తర్వాత రింగు నాలుగైదు సార్లు లాగి వదలండి.

ఇక లెక్క. బీరులో గ్యాస్‌ని వాల్యూముల్లో కొలుస్తారు, అంటే ఒక లీటరు బీరులో ఎన్ని లీటర్ల గ్యాస్ కరిగి ఉంది అని. మామూలు అమెరికన్ ఏల్ రకం బీరుకి రెండున్నర దగ్గర, ఇంగ్లీషు వాళ్ళ పీపా బీరుకి రెండు లోపే, జర్మన్ గోధుమ బీరుకి మూడున్నర నాలుగు. ఫెర్మెంటేషన్ అయినప్పుడే మామూలు వేడిలో ఉన్న బీరులో ముప్పావు పైనే మిగిలి ఉంటుంది, మిగతాది మనం ఎక్కించాలి. ఇప్పుడు గుర్తు పెట్టుకోవాల్సిన నంబరు, ఫోన్లో ఫొటో తీసుకోండి కావాలంటే, 38 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 11, 12 పీఎస్‌ఐ పెడితే రెండున్నర వాల్యూములు. అదే కెగ్గు ఈ గరాజ్‌లో 70 డిగ్రీల్లో ఉందనుకోండి, అదే రెండున్నరకి 28, 29 కావాలి. ప్రెషర్ ఒక్కటే చెప్తే అర్థం లేదండీ, ఏ చలిలో అన్నది కూడా చెప్పాలి. మొన్న ఒకాయన ఫోన్ చేసి అన్నా 12 పెట్టా పది రోజులైంది చప్పగానే ఉంది అంటాడు, కెగ్గు ఎక్కడుంది అంటే ప్యాంట్రీలో బియ్యం బస్తా పక్కన. (నవ్వులు)

పద్ధతులు చాలా చెప్తారు గానీ నేను వాడేది ఒకటే. ఫ్రిజ్‌లో పెట్టు, 12కి తిప్పు, రెండు వారాలు మర్చిపో. రెండో వారం చివరికి బీరు ఎంత తీసుకోవాలో అంత తీసుకుని ఆగిపోద్ది, ఎక్కువవడం అన్న ప్రశ్నే లేదు, ఎందుకంటే బయట 12 ఉంటే లోపల దానికి తగ్గ గ్యాస్ మించి కరగదు. తొందరుంటే బాగా చల్లబడ్డ బీరుకి 30 పెట్టి ఒక రోజో రోజున్నరో ఉంచి, తర్వాత రింగు లాగి ప్రెషర్ తీసేసి 12కి దింపొచ్చు, అదీ బానే పనిచేస్తుంది. మూడోది మన సోడా కొట్టు పద్ధతి, 30 పెట్టి కెగ్గు పడుకోబెట్టి దొర్లించడం. పది నిమిషాల్లో గ్యాస్ ఎక్కేస్తుంది. ఎంత ఎక్కిందో మాత్రం ఎవడికీ తెలీదు.

ఇప్పుడు నా కథ. మా వాడి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీ, నలభై మంది, నేను కాచిన పేల్ ఏల్ ఫెర్మెంటర్‌లో ఇంకా రెండ్రోజులు ఉండాల్సింది, శుక్రవారం తీసేశా. శనివారం పొద్దున కెగ్గు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ ఊపుతున్నా, మా ఆవిడ అటు పోతూ ఆ శ్రద్ధ పిల్లల్ని నిద్రపుచ్చేప్పుడు ఉంటే బాగుండేది అంది. గ్యాస్ దిగుతుంటే రెగ్యులేటర్‌లో సన్నగా కర్ర్ మని సౌండ్ వస్తుంది, ఆ సౌండ్ నచ్చి ఆగలేదు నేను. పైగా గ్యాస్ కింద నుంచి పోతే త్వరగా కరుగుతుంది అని ఎక్కడో చదివి, గ్యాస్ పైపు బీరు ముక్కుకి తగిలించా. తర్వాత 12కి దింపా, లోపల 30 ఉందన్న సంగతి మర్చిపోయా. ఏమవుద్ది? లోపల ఎక్కువ, బయట తక్కువ, బీరు ఆ పొడుగు గొట్టం గుండా పైపులోకి, పైపులోంచి రెగ్యులేటర్‌లోకి. ముల్లు వెనకాల అద్దంలో బంగారు రంగు బీరు తేలుతూ కనబడింది, చూడ్డానికి బాగుంది నిజానికి. సాయంత్రం కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగ, ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు, తాటిచెట్టు నుంచి దించిన కల్లు కుండ పొంగినట్టు. ఒక పెద్దాయన నురగ తాగి మీసం తుడుచుకుని, బాబూ ఇది గడ్డం గీసుకోడానికా అన్నాడు. ఆ రెగ్యులేటర్ విప్పి కడిగి కొత్త వాషర్లు వేసేసరికి మధ్యాహ్నం పోయింది, అప్పట్నుంచి పైపులో చెక్ వాల్వ్, అంటే వెనక్కి రానివ్వని వాల్వ్, లేకుండా నేను గ్యాస్ కనెక్ట్ చెయ్యను.

మీకూ అలా ఎక్కువైపోతే కంగారు పడొద్దు, పారబొయ్యొద్దు. గ్యాస్ పైపు తీసేసి, రింగు లాగి వదిలి, గంటకోసారి అలా లాగుతూ ఉంటే ఒకట్రెండు రోజుల్లో దారికి వస్తుంది.

అయితే నురగ వచ్చిన ప్రతిసారీ గ్యాస్ ఎక్కువైనట్టు కాదు, ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. సగం కేసుల్లో తప్పు పైపుది. కెగ్గులో 12 ప్రెషర్‌తో ఉన్న బీరు కుళాయి దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించాలి, ఆ పని పైపు గోడల రాపిడి చేస్తుంది. మూడు బై పదహారు అంగుళాల లోపలి సైజు ఉన్న పైపు అయితే పది అడుగులు పెట్టండి. కిట్‌తో పాటు నాలుగో ఐదో అడుగులది ఇస్తారు, అది చాలదు. ఇంత పొడుగెందుకు అని కోసెయ్యకండి, చుట్ట చుట్టి కెగ్గు మీద పెట్టుకోండి. ఇంకోటి, మొదటి గ్లాసు నురగ రావడం సహజం, కుళాయి బయట వేడిగా ఉంటుంది కదా, ఆ వేడి తగలగానే గ్యాస్ విడిపోద్ది. మొదటిది మీరు తీసుకుని రెండోది అతిథికివ్వండి.

ఇప్పుడు సిలిండర్. ఇది 5 పౌండ్లది. దీనిలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, మన ఇంట్లో వంట గ్యాస్‌లాగే. అందుకే ఈ పెద్ద ముల్లుని నమ్మకండి, 70 డిగ్రీల్లో 800 పైన చూపిస్తుంది, నిండుగా ఉన్నా అంతే, పావు వంతు ఉన్నా అంతే, ద్రవం చివరి చుక్క అయ్యేదాకా అక్కడే ఉండి తర్వాత దబ్బున పడిపోద్ది. ఫ్రిజ్‌లో పెడితే 500 చిల్లరకి దిగుతుంది, అయిపోయిందని పరిగెత్తకండి, చలికి అంతే. మరి ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? ఊళ్ళో అమ్మావాళ్ళు ఏం చేసేవాళ్ళు, సిలిండర్ ఎత్తి చూసేవాళ్ళు. 14.2 కిలోల సిలిండర్ మీద ఖాళీ బరువు రాసి ఉండేది కదా, దీని మెడ మీద కూడా టీడబ్ల్యూ అని ఆ ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, సిలిండర్‌ని బాత్రూమ్ త్రాసు మీద పెట్టి వచ్చిన బరువులోంచి అది తీసెయ్యండి. ఒక కెగ్గుకి గ్యాస్ ఎక్కించి చివరిదాకా వంచడానికి మొత్తం 150 గ్రాములు చాలు, ఆ లెక్కన 5 పౌండ్లు పదిహేను కెగ్గులకి రావాలి, డబ్బా కడగడానికి పోయేది తీసేసినా పది పన్నెండుకి. మూడు కెగ్గులకే అయిపోయిందంటే ఎక్కడో లీకుంది. నాకు ఒకసారి నిండు సిలిండర్ ఒక్క రాత్రిలో ఖాళీ అయింది, కారణం గ్యాస్ ముక్కు చుట్టూ ఉండే ఈ నల్ల రబ్బరు రింగు, వేలిగోరంత చీలిక. ఇప్పుడు కెగ్గు విప్పిన ప్రతిసారీ ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు రాసి, సబ్బు నీళ్ళు స్ప్రే చేసి బుడగలు వస్తున్నాయా అని చూస్తా. అమ్మ గ్యాస్ స్టవ్ పైపుకి సబ్బు నురగ రాసి చూసేది, అదే.

లీకు అంటే డబ్బు దండగ ఒక్కటే కాదండీ, ఇది కొంచెం సీరియస్‌గా వినండి. ఈ చిన్న సిలిండర్ మొత్తం బయటికొస్తే 1200 లీటర్ల పైన గ్యాస్. గాలికంటే బరువు, కిందే కూర్చుంటుంది, రంగు లేదు. పాడుబావిలో దిగినవాళ్ళు, ధాన్యం పాతరలో దిగినవాళ్ళు ఎలా పోతారో మన ఊళ్ళల్లో విన్నాం కదా, దీపం దించి చూసి ఆరిపోతే దిగొద్దనేవాళ్ళు. చెస్ట్ ఫ్రీజర్‌లో కెగ్గులు పెట్టుకునేవాళ్ళు మూత తీసిన వెంటనే తల లోపలికి పెట్టకండి. సిలిండర్‌ని క్లోజెట్‌లోనూ, కిటికీల్లేని చిన్న గదిలోనూ పెట్టొద్దు. గరాజ్ ఓకే.

ఇంతవరకు గ్యాస్. ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, కండిషనింగ్. దీనికి తెలుగులో మాట వెతుక్కోనక్కర్లేదు, ఊరడం. ఆవకాయ కలిపిన రోజు తింటే ఉప్పు వేరుగా, కారం వేరుగా, ముక్క వేరుగా తగులుతాయి. మూడో రోజు తిరగకలిపి నెల ఆగితే అప్పుడు కదా ఆవకాయ. బీరూ అంతే. కొత్త బీరులో పచ్చి యాపిల్ కోసిన వాసన వస్తుంది, అది అసిటాల్డిహైడ్. పాప్‌కార్న్ వెన్న వాసన వస్తే డయాసిటైల్. రెండూ ఈస్ట్ చేసినవే, రెండూ ఈస్టే మళ్ళీ తినేస్తుంది, మీరు దానికి టైం ఇస్తే. ఇక్కడ తిరకాసు ఏంటంటే ఆ శుభ్రం చేసే పని ఈస్ట్ వెచ్చగా ఉన్నప్పుడు చేస్తుంది, చలిలో పడుకుంటుంది. పులవడం ఆగింది కదా అని వెంటనే ఫ్రిజ్‌లోకి తోసేస్తే ఆ వెన్న వాసన అలాగే గడ్డకట్టినట్టు ఉండిపోద్ది. నా గ్రాడ్యుయేషన్ బీరు అదే, నురగ తగ్గాక రుచి చూస్తే పచ్చి యాపిల్. కాబట్టి బుడగలు ఆగాక ఇంకో మూడు నాలుగు రోజులు వెచ్చగానే ఉంచండి. తర్వాత చలిలోకి.

చలిలో జరిగేది వేరు, ఈస్టూ హాప్స్ పొడీ కిందికి దిగి బీరు తేటపడుతుంది. త్వరగా గ్యాస్ ఎక్కించిన బీరు నాలుక మీద గరుకుగా, చురుక్కుమన్నట్టు ఉంటుంది, అదే కెగ్గు వారం ఆగి తాగితే నున్నగా ఉంటుంది, గ్యాస్ అంతే ఉన్నా. లాగర్ బీరు అంటారే, ఆ మాటే జర్మన్‌లో నిలవబెట్టడం అన్న మాటలోంచి వచ్చింది, గడ్డకట్టే చలికి దగ్గర్లో నాలుగు నుంచి ఆరు వారాలు. అన్ని బీర్లూ ఊరాలని లేదు మళ్ళీ. ఐపీఏ తాజాగా తాగాలి, గోధుమ బీరు మబ్బుగానే బాగుంటుంది. స్టౌట్ అనే ఘాటు నల్ల బీరు అయితే మూడు నెలలు మర్చిపోండి, దొంగచాటుగా రుచి చూడటం ఆపితే ఇంకా మంచిది.

ఆ, చెప్పండి అన్నా. సిలిండర్ లేకుండా కుదరదా? కుదురుతుంది. సీసాలకి వేసినట్టే కెగ్గులో కూడా కొంచెం డెక్స్ట్రోజ్ అనే చక్కెర కరిగించి పోసి, మూత బిగించి 70 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచితే మిగిలిన ఈస్ట్ దాన్ని తిని గ్యాస్ చేస్తుంది. ఆ చక్కెర కొంచెం తక్కువే వెయ్యండి, తక్కువైతే తర్వాత గ్యాస్ కలపొచ్చు. మూత కూర్చోబెట్టడానికి మొదట్లో ఒక్కసారి మాత్రం ప్రెషర్ కొట్టాలి, లేకపోతే వచ్చిన గ్యాస్ వచ్చినట్టు పోద్ది. జర్మన్లు ఇంకా తెలివిగా చేస్తారు, పులవడం పూర్తి కాకముందే, ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చూపించే హైడ్రోమీటర్‌లో నాలుగైదు పాయింట్లు మిగిలుండగానే మూసేస్తారు, ఒక్కో పాయింట్ దాదాపు అర వాల్యూము గ్యాస్ ఇస్తుంది. దానికి స్పండింగ్ వాల్వ్ అని ఉంటుంది, పెట్టిన ప్రెషర్ దాటితే అదే వదిలేస్తుంది. గాజు పాత్రలో మాత్రం జన్మలో చెయ్యొద్దు, పేలిపోద్ది.

లీగలేనా అని ఎవరో అడుగుతున్నారు. ఇక్కడ అమెరికాలో లీగలే, 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టాడు, ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100, అమ్మకూడదు అంతే. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. ఇది చూసి ఉత్సాహంగా ఈ కెగ్గు సూట్‌కేసులో పెట్టుకుని తెనాలి వెళ్ళి కాచకండి, లైసెన్స్ లేకుండా అక్కడ అది ఎక్సైజ్ కేసు.

సరే, ఈ కెగ్గు పందొమ్మిది రోజుల క్రితం ఫ్రిజ్‌లో పెట్టా, 12 మీద, ఊపలేదు, దొర్లించలేదు. గ్లాసు కొంచెం వంచి పట్టుకుని కుళాయి పూర్తిగా తియ్యాలి, సగం తెరిస్తే నురగే. ఇదిగో... బావగారూ, మొదటి గ్లాసు నాది, మీది రెండోది, ఆ గుడ్డ కూడా అందుకోండి ఎందుకైనా మంచిది.